పేరు పెట్టి పిలిచే ఆదివారం

వీరమ్మత్త మా చర్చిలో పదహారేళ్లు తలుపు పక్కన కూర్చుంది. అలిగి కూర్చుందని ఊళ్లో అందరూ అనుకున్నారు. అలా అనుకునేట్టు చేసినదాన్ని నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత తప్పించుకోవడానికి నాకు దారి ఉండదు, అందుకని ముందే చెబుతున్నాను.

నా పేరు రాధాకుమారి. అంగన్‌వాడీలో టీచర్ని. నాకు నోరు ఎక్కువని ఒక పేరు, చేతిరాత బాగుంటుందని ఇంకో పేరు. మా ఆయన ఏసురత్నం సంఘానికి సెక్రటరీ. పేరుకే ఆయన సెక్రటరీ, మినిట్స్ పుస్తకం రాసేది మొదటి నుంచీ నేనే. ఆయన కింద సంతకం పెడతాడు. మార్కాపురం నుంచి మా ఊరికి ఆటోలో అరగంట, పలకల గనుల మీదుగా దారి. మా వాళ్లలో సగం మంది పలకల మిషన్ల దగ్గర పని చేసి బతికినవాళ్లే. సాయంత్రం ఇంటికొచ్చే ఆడవాళ్ల కనురెప్పల మీద కూడా బూడిద రంగు దుమ్ము ఉండేది. వీరమ్మత్త ఇరవై రెండేళ్లు ఆ దుమ్ములో కూర్చుని పలకలు కోసింది. మొగుడు లేని మనిషి. ఒక కొడుకు తిమోతి, ఒక కూతురు ఫెబీ. వాళ్లిద్దరినీ ఆ చేతులతోనే పెంచింది.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పళ్లెంలో రొట్టె ముక్కలు, బొటనవేలంత గ్లాసుల్లో ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్నవాళ్లందరి దగ్గరికీ ఆ పళ్లెం వరసగా వస్తుంది. ఏదైనా తప్పు చేసినవాళ్లకు సంఘం కొన్ని నెలలు బల్ల ఆపుతుంది. ఆపినప్పుడు వాళ్లు వెనక కూర్చోవాలి, పళ్లెం వచ్చినప్పుడు తల దించుకోవాలి. గడువు తీరిందని వాళ్లంతట వాళ్లు చెయ్యి చాపకూడదు. ఆ ఆదివారం అయ్యగారు ముందు నుంచి పేరు పెట్టి పిలవాలి. సంఘంలో ఒకరు లేచి వెళ్లి, కుడిచెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించుకు రావాలి. అప్పుడే ఆ మనిషి మళ్లీ సంఘంలో కలిసినట్టు. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

తిమోతి ఇరవై ఏళ్లకే పోయాడు. కామెర్లు. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇక లాభం లేదంటే ఇంటికి తెచ్చుకుంది. భూస్థాపన రోజు మగవాళ్లు స్నానం చేయించి కొత్త చొక్కా తొడుగుతున్నారు. చొక్కా గుండీలు విప్పి అందిస్తున్నది నేను. వాడి కుడి భుజం కింద నల్లదారం, దానికి రాగి తాయెత్తు.

మెల్లగా మా ఆయన చెవిలో చెప్పి ఉండొచ్చు. లేదా ఏమీ అనకుండా చొక్కా చేతి కింద దాచేసి ఉండొచ్చు, ఎవరికీ కనిపించేది కాదు. నేను అట్లా చేసే మనిషిని కాదు.

"ఇదేందత్తా, తాయెత్తు కట్టించినావా?" అన్నాను. వాకిట్లో నలభై మంది ఉన్నారు.

ఆమె బిడ్డ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. తలెత్తి నన్ను చూసింది.

"నేనే కట్టించినా," అంది. "వానికి తెలీదు. మగతలో ఉండాడు. వాన్నేమీ అనొద్దండి."

కత్తెర తెమ్మని నేనే తెంపాను.

ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. అప్పటి పాస్టరు ఇస్సాకు అయ్యగారు మెత్తని మనిషి. కడుపుకోతలో ఉన్న తల్లి, ప్రార్థన చేసి వదిలేద్దాం అన్నారు. మా ఆయన లేచి, ఒకరికి వదిలితే రేపు అందరూ కట్టిస్తారన్నాడు. ఆ మాట మా ఆయనది కాదు, అన్నం వడ్డిస్తూ నేను చెప్పి పంపినది. ఆరు నెలలు బల్ల ఆపుదామని తీర్మానం అయింది. వీరమ్మత్తను లోపలికి పిలిచి చెప్పారు. "సంఘం ఎట్లంటే అట్ల," అని వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం ముందు వరసలో తన చోటు వదిలేసి, తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

నాలుగో నెలలో ఇస్సాకు అయ్యగారు పొదిలిలో చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడే గుండె ఆగి చనిపోయారు. ఏడాది పైన మాకు పాస్టరు లేడు. ఎప్పుడైనా మార్కాపురం నుంచి ఎవరో వచ్చి బల్ల ఇచ్చి వెళ్లేవారు. తర్వాత వచ్చిన అయ్యగారు మొదటి నెలలోనే అడిగాడు, తలుపు దగ్గర కూర్చునే ఆమె ఎందుకు తీసుకోవడం లేదని.

"ఆమెకు కోపం అయ్యగారూ," అన్నాను నేను. "కొడుకు పోయినప్పటి నుంచి అట్లనే అలిగి కూర్చుంటాది. పట్టించుకోవద్దండి."

అబద్ధమని తెలిసి చెప్పిన మాట కాదు. నిజంగా అలాగే అనుకున్నాను. ఆరు నెలల సంగతి అప్పటికి నా తలలో లేనే లేదు. చావులు, పెళ్లిళ్లు, చర్చికి రేకులు వేయించడం, మా అమ్మాయి చదువు, అన్నిటి మధ్యా అది ఎక్కడో జారిపోయింది. నాకు కనిపించేది ఒకటే. పళ్లెం వచ్చినప్పుడల్లా ఒక మనిషి మొండిగా తల దించుకుంటుంది. నాకు ఒళ్లు మండేది.

ఇంకో సంగతి. బల్ల ఉన్న ఆదివారం అందరూ ఇళ్లకు వెళ్లాక, ఆ చిన్న గ్లాసులు కడిగేది వీరమ్మత్తే. చర్చి వెనక చేతిపంపు దగ్గర పీట వేసుకుని నూట పది గ్లాసులూ ఒక్కొక్కటే కడిగి, గుడ్డ మీద బోర్లించి, ఆరేదాకా కాపలా కూర్చునేది. ఎవరూ చెప్పలేదు. శనివారం చర్చి ఊడ్చేది కూడా ఆమే. అలిగిన మనిషికి ఇవన్నీ ఎందుకని ఎవరైనా అడిగితే, దానికీ నా దగ్గర జవాబు ఉండేది. మనల్ని సాధించడానికి అనేదాన్ని.

మా వైపు ఎదురుచూడటం కొత్త కాదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తాయని మా మామ చూసి చూసి పోయాడు, ఇప్పుడు మా ఆయన చూస్తున్నాడు. కానీ నీళ్ల కోసం చూసేవాళ్లు రోడ్డెక్కుతారు, కాగితాలు పెడతారు, వచ్చిన ప్రతి నాయకుడినీ నిలదీస్తారు. వీరమ్మత్త ఎవరినీ ఒక్క మాట అడగలేదు. నోరు తెరవని మనిషి ఎదురుచూస్తోందని మాకు తట్టలేదు.

ఇప్పుడున్న పాస్టరు సాగర్ అయ్యగారు గిద్దలూరు అబ్బాయి. ముప్పై ఏళ్లు ఉండవు. ఏదైనా పట్టుకుంటే చివరిదాకా తవ్వే రకం. నాకు మొదట్లో అది చిరాగ్గానే ఉండేది. ఈ ఏడాది జనవరి చివర, ఒక బుధవారం పొద్దున మా వరండాలో కూర్చుని, బల్ల తీసుకునే సభ్యుల పట్టిక కొత్తగా రాద్దామన్నాడు. పాత పుస్తకాల పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది. నేను పేర్లు చెబుతుంటే ఆయన రాసుకుంటున్నాడు.

"వీరమ్మవ్వ పేరు చెప్పలేదక్కా."

"ఆమె తీసుకోదు కదా."

"ఎందుకు తీసుకోదు? బాప్తిస్మం లేదా?"

"ఉంది. పదహారేళ్ల కిందట అలిగింది."

"పదహారేళ్లా?" అన్నాడు. "ఎవరి మీద?"

ఎవరి మీద అని నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఆయన పెట్టెలోంచి పాత మినిట్స్ పుస్తకం తీసి తిరగేయడం మొదలుపెట్టాడు. పావుగంట తర్వాత ఒక పేజీ దగ్గర వేలు ఆపి, గట్టిగా చదివాడు.

"'వీరమ్మగారికి ఆరు నెలలు బల్ల నిలుపుటకు తీర్మానించడమైనది. గడువు తీరిన పిమ్మట సంఘము ఆమెను పేరు పెట్టి పిలువవలెను. గడువును పాస్టరుగారికి గుర్తు చేయు బాధ్యత సెక్రటరీది.'" తలెత్తాడు. "ఇది మీ రాతే కదక్కా."

నా రాతే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఆయన పేజీలు ముందుకు తిప్పుతూ పోయాడు. ఆ పుస్తకం అయిపోయింది, తర్వాతది తీశాడు. "పిలిచినట్టు యాడ రాసినారక్కా?" అని రెండుసార్లు అడిగాడు. పొయ్యి మీద కూర మాడుతోందని చెప్పి నేను లోపలికి వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆయన చెప్పులు వేసుకున్న చప్పుడైతే బయటికి వచ్చాను.

"రండి, ఇప్పుడే పోదాం," అన్నాడు. "రొట్టె, రసం నేను తీసుకొస్తా. అవ్వకు ఊపిరి ఆడటం లేదంట, ఫెబీ అక్క గిద్దలూరు నుంచి వచ్చి నెలైంది. ఈ పొద్దే ఇంట్లోనే ఇచ్చేద్దాం."

అప్పుడు నేను చెప్పిన మాట రాయాలి. రాయకపోతే మిగతాదంతా రాసి ఏం లాభం?

"ఇంట్లో గుట్టుగా ఇచ్చేది పద్ధతి కాదు అయ్యగారూ. సంఘం ముందర ఆపినారు, సంఘం ముందరే పిలవాల. వచ్చే ఆదివారం మొదటి ఆదివారమే కదా."

"నాలుగు రోజులు ఉంది."

"పదహారేళ్లు ఓపిక పట్టింది, నాలుగు రోజులు పట్టదా?"

వయసులో పెద్దదాన్ని, సెక్రటరీ భార్యను, పద్ధతి గురించి మాట్లాడుతున్నాను. సరేనన్నాడు.

పద్ధతి అన్నది నేను పైకి చెప్పిన మాట. లోపల ఉన్నది వేరు. బుధవారం నాడు హడావుడిగా ఆమె ఇంటికి బల్ల పట్టుకెళ్తే, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకని ఊరు అడుగుతుంది. అడిగితే పుస్తకం బయటికి వస్తుంది, పుస్తకంలో నా రాత ఉంది. అదే ఆదివారమైతే పాటలుంటాయి, జనం ఉంటారు, నేనే వెళ్లి కుడిచెయ్యి పట్టుకుని నడిపించుకు వస్తాను. అందరూ కళ్లు తుడుచుకుంటారు. ఆ సంతోషంలో తప్పు ఎవరిదని ఎవరూ వెతకరు. నాలుగు రోజులు ఆపింది అందుకే.

ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆమె ఇంటికి వెళ్లాను. మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందదట, నిద్ర కూడా కూర్చునే పోతోందని ఫెబీ చెప్పింది. ఎముకల మీద చర్మం. పలక దుమ్ము లోపల పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడట. నన్ను చూసి ఆమె కాళ్లు ముడుచుకుని చోటు ఇచ్చింది.

"అత్తా, ఆదివారం అయ్యగారు నిన్ను బల్లకు పిలుస్తాడు," అన్నాను.

వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను.

"పిలుస్తాడా?" అంది.

"పిలుస్తాడు. ఇన్నేళ్లూ నువ్వెందుకు అడగలేదత్తా? ఒక్క మాట అంటే అయిపోయేది కదా."

"అడిగి తీసుకునేదా అది, రాధమ్మా." ఊపిరి కోసం ఆగింది. "పిలిస్తే పోవాల."

"ఆరు నెలలే కదా అన్నారు."

"ఆరు నెలలకు పిలవలేదు. ఇంకా చాలలేదేమో అనుకున్నా. ఏడాదైంది. కొత్త అయ్యగారు వచ్చినాడు, ఆయనా పిలవలేదు. నా తప్పు అంత పెద్దదేమో, మొహం మీద చెప్పలేక ఊరుకుంటుండారేమో అనుకున్నా." మళ్లీ ఆగింది. ఫెబీ నీళ్లు పట్టింది. "నేను అది కట్టించినందుకే పిల్లోడు పోయినాడని మీ అందరికీ ఉందేమో అనుకున్నా. ఉంటే నన్నెట్ల పిలుస్తారు?"

నాకు చెప్పడానికి ఒకటే మాట ఉంది. ఆ గదిలో దాన్ని అనడం కన్నా నా నాలుక తెగిపడినా బాగుండేదనిపించింది.

"మర్చిపోయినాం అత్తా."

ఫెబీ గ్లాసు కింద పెట్టింది.

"మర్చిపోయినారా?" అంది వీరమ్మత్త.

"ఇస్సాకు అయ్యగారు పోయినాక అందరం మర్చిపోయినాం. మేమంతా నువ్వు అలిగినావనుకున్నాం."

"నేను ఎవరి మీద అలగాల?" అంది ఆశ్చర్యంగా. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "అయితే తప్పు పెద్దదని కాదు కదా? పిల్లోడి గురించి కాదు కదా?"

"కాదత్తా."

"మర్చిపోయినారు, అంతే."

"అంతే."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే ఫెబీ వైపు చూసి, "విన్నావా, మర్చిపోయినారంట, అంతేనంట," అంది. ఆమె ముఖంలో బరువు దిగిపోవడం కనిపించింది. తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. తిట్లకు జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు.

ఫెబీ నా వైపు తిరిగింది. "వదినా, ఆదివారం దాకా ఎందుకు? అయ్యగారిని ఇప్పుడే రమ్మనకూడదా? అమ్మ పరిస్థితి చూస్తుండావు కదా."

సరే, పిలుచుకొస్తానని లేస్తే అయిపోయేది. అప్పటికీ సమయం ఉంది. నేను లేవలేదు. నా బదులు వీరమ్మత్తే అడిగింది.

"ఆదివారం నా చెయ్యి పట్టుకుని పిలుచుకపోయేది ఎవరు?"

"నేనేనత్తా."

"నువ్వే వస్తావా?" అని ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ కత్తెర ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. "అయితే ఆదివారమే కానీలే ఫెబీ. నాలుగు రోజులే కదా."

ఆదివారం ఆటోలో వచ్చింది. నీలం అంచు తెల్లచీర, గంజి పెట్టి ఇస్త్రీ చేయించినది. శనివారమంతా ఆ చీర గురించే తిప్పలు పెట్టిందని ఫెబీ చెప్పింది. ఆటో దిగి గుమ్మం దాకా రావడానికి మూడుసార్లు ఆగింది. ముందు వరసలో కుర్చీ వేయించాను, రమ్మన్నాను.

"పిలిచినాక వస్తాలే," అని తలుపు పక్కన తన చోట్లోనే గోడకు ఆనుకుని కూర్చుంది. అక్కడైతే గాలి కూడా వస్తుందంది.

మా ఆయన ఆ వారానికి బేస్తవారిపేట నుంచి ఒక ప్రసంగీకుడిని ముందే పిలిచి ఉన్నాడు. ఆయన గంటా పది నిమిషాలు మాట్లాడాడు. తొందరగా ముగించమని చీటీ పంపొచ్చు. సెక్రటరీ భార్యను కదా, అలాంటి చీటీలు నేను చాలాసార్లు పంపాను. ఆ రోజు పంపలేదు. వచ్చిన అతిథి ముందు బాగుండదనుకున్నాను. మధ్యలో మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మొదటిసారి ఆమె బల్ల మీది తెల్లగుడ్డ వైపు చూస్తోంది. రెండోసారి కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. మూడోసారి తల గోడకు ఆనించి, కొంచెం పక్కకు వాల్చి ఉంది. ఫెబీ పక్కన లేదు, నీళ్ల సీసా నింపడానికి పంపు దగ్గరికి వెళ్లింది. ముసలామెకు కునుకు పట్టిందనుకున్నాను.

సాగర్ అయ్యగారు బల్ల వెనక నిలబడ్డాడు. "ఈ సంఘం ఒక తల్లిని పదహారేళ్లు మర్చిపోయింది," అన్నాడు. నా పేరు చెప్పలేదు, మా ఆయన పేరు చెప్పలేదు. మనం మర్చిపోయాం అన్నాడు, మన తప్పు అన్నాడు. అప్పటికి ఆయన మా దగ్గరికి వచ్చి పద్నాలుగు నెలలే. తర్వాత తల ఎత్తి, పద్ధతి ప్రకారం, అవ్వ అనకుండా, పేరుతో పిలిచాడు.

"వీరమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె లేవలేదు.

"వీరమ్మా," అని మళ్లీ పిలిచాడు.

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో మెల్లగా అన్నారు, "ఇంకా అలక తీరలేదు చూడు."

అన్నవాళ్లను నేనేమీ అనను. ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి, ఆ క్షణంలో నాకూ చర్రున కోపం వచ్చింది. ఇంతమంది ముందు పిలిపించాను, ఇప్పుడు కూడా బిగుసుకుని కూర్చోవాలా అనుకున్నాను. ఆ కోపంతోనే లేచాను. చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి, కుడిచెయ్యి చాపి, "లే అత్తా," అన్నాను.

ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఉంది. పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. మెల్లగా లాగాను. చెయ్యి నాతో వచ్చింది. ఆమె రాలేదు.

ఫెబీ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది, చేతిలో నీళ్ల సీసాతో.

ఆ రోజు బల్ల ఎవరూ తీసుకోలేదు. సాయంత్రానికే తిమోతి పక్కన ఆమెకు గుంట తవ్వారు. స్నానం చేయించేటప్పుడు నేనూ నీళ్లు పోశాను. ఆడవాళ్లు ఎవరూ నా వైపు చూడలేదు. ఒంటి మీద ఎక్కడా ఏమీ లేదు, తెంపడానికి.

మట్టి వేసి వస్తుంటే ఫెబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వదినా, అయ్యగారు పిలిచింది అమ్మ విన్నదంటావా?"

"విన్నదమ్మా," అన్నాను.

నాకు తెలియదు. మూడోసారి నేను తిరిగి చూసేటప్పటికే ఆమె వెళ్లిపోయి ఉండొచ్చు. అయినా విన్నదనే చెప్పాను. రేపు మళ్లీ అడిగినా అదే చెబుతాను.

తర్వాత చర్చికి వెళ్లాను. నూట పది గ్లాసుల్లో రసం పోసింది పోసినట్టే ఉంది, ఈగలు ముసురుతున్నాయి. పారబోసి, పంపు దగ్గర ఆమె పీట వేసుకుని కడిగాను. ఆ గ్లాసుల్లో వేలు పట్టదు. గుడ్డ చుట్టి తిప్పి తిప్పి కడగాలి. ఆ పనికి ఇంత ఓపిక కావాలని నాకు అంతవరకూ తెలియదు. చీకటి పడే వేళకు పూర్తయింది.

మినిట్స్ పుస్తకం మా ఆయన నా ముందు పెట్టాడు. "వీరమ్మగారిని సంఘము పేరు పెట్టి పిలిచినది" అని రాశాను. వచ్చినదని రాయలేను, రాలేదని రాయలేను. అక్కడే ఆపేసి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు.

మార్చి మొదటి ఆదివారం నేను తలుపు పక్కన కూర్చున్నాను. నాకెవరూ బల్ల ఆపలేదు, నేనే వెళ్లి కూర్చున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సంఘం ముందు నిలబడి ఆ నాలుగు రోజులు ఆపింది నేనేనని చెప్పాలి. ప్రతి ఆదివారం చెప్పాలనే వెళ్తాను, లేవబోతాను, మళ్లీ కూర్చుండిపోతాను. ఇంత నోరున్నదాన్ని. అందుకే ముందు ఇది రాస్తున్నాను. రాత నాకు మొదటి నుంచీ తేలిక.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తల దించుకున్నాను. తల దించుకుంటే పళ్లెం పట్టుకున్నవాళ్ల పాదాలు కనిపిస్తాయి. ఒక్క క్షణం ఆగుతాయి, తర్వాత పక్కకు వెళ్లిపోతాయి. ద్రాక్షరసం వాసన మాత్రం కాసేపు అక్కడే ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో ఎవరైనా భుజం మీద చెయ్యి వేసి ఎందుకని అడిగితే బాగుండునని ఎంత అనిపిస్తుందో, అక్కడ కూర్చుంటే గానీ తెలియదు. ఏప్రిల్‌లో మళ్లీ అంతే. మే నెలలో మళ్లీ అంతే. నాకు మూడుసార్లకే ప్రాణం విసిగింది. ఆమె అక్కడ నూట డెబ్బై ఎనభై సార్లు తల దించుకుని ఉంటుంది.

మొన్న ఆదివారం గ్లాసులు కడిగి ఇంటికి వచ్చేసరికి మా ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడకుండానే అన్నాడు.

"ఆడోళ్లంతా ఒకటే మాట అనుకుంటుండారు. రాధాకుమారి ఎవరి మీదనో అలిగిందంట."